నరం అంటే ఏ నరం? పరిధీయ నాడీ వ్యాధుల కథ

తెలుగునాట 'నరాల బలహీనత' అన్న మాటలో ఇమడని జబ్బంటూ లేదు. చేతులు వణికినా అదే, కాళ్లు లాగినా అదే, నాలుగు మెట్లెక్కి ఆయాసపడినా అదే. బస్టాండు గోడల మీది ప్రకటనల్లోనైతే దాని అర్థమే వేరు. పైగా తెలుగులో 'నరం' ఒక్కటే మూడు చోట్ల కొలువు చేస్తుంది. సెలైన్ ఎక్కించడానికి నర్సు ముంజేతి మీద తట్టి వెతికే నరం రక్తనాళం. నిద్రలో పిక్క దగ్గర పట్టేసిన నరం నిజానికి కండరం. మోచేయి తలుపుకు తగిలినప్పుడు చిటికెనవేలి దాకా జివ్వుమనిపించేది మాత్రం అసలు నరం, పుస్తక భాషలో నాడి. ఈ వ్యాసం ఆ మూడోదాని గురించి.

వైద్యశాస్త్రంలో నరాల బలహీనత పేరుతో ఏ జబ్బూ లేదు. మెదడు, వెన్నుపాము దాటి బయటికొచ్చిన నాడులకు సోకే జబ్బులు మాత్రం వందకు పైనే ఉన్నాయి. అన్నిటినీ కలిపి పరిధీయ నాడీ వ్యాధులంటారు, డాక్టర్ల నోట 'న్యూరోపతి'. కొన్నిటికి మాత్ర చాలు, కొన్నిటికి కత్తి పట్టాలి, కొన్నిటికి ఐసీయూ మంచం కావాలి, మరికొన్నిటికి మెత్తటి చెప్పుల జతే సగం వైద్యం. ఏది ఏదో తేల్చకుండా అందరికీ ఒకే బీకాంప్లెక్స్ సూది వేయడంతోనే చిక్కు మొదలవుతుంది.

మెదడు నుంచి 12 జతల కపాల నాడులు, వెన్నుపాము నుంచి 31 జతల వెన్ను నాడులు బయలుదేరుతాయి. కంటి నాడిని ఆ 12లో లెక్కపెడతారు గానీ, నిర్మాణాన్ని బట్టి అది మెదడుకు కొనసాగింపే. నాడిలోని పోగులు మూడు రకాలు. స్పర్శ, నొప్పి, వేడిమి కబుర్లను లోపలికి మోసేవి ఒకటి. కండరాలకు ఆజ్ఞలు తీసుకెళ్లేవి రెండు. చెమట, గుండె లయ, పేగుల కదలిక, రక్తపోటు వంటి మనం పట్టించుకోని పనులు చూసుకునేవి మూడు. ఒక్కో పోగు ఒక కణానికి మొలిచిన తోక. నడుము దగ్గరున్న కణం నుంచి కాలి బొటనవేలి దాకా ఆ తోక పొడవు దాదాపు మీటరు, మందం మాత్రం వెంట్రుకలో ఏ కొంతో. లావు పోగులకు ష్వాన్ కణాలు చుట్టిన మయలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది.

నాడిలో కబురు వేగాన్ని 1850లో హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నాడిలో కొలిచాడు. సెకనుకు 27 మీటర్ల దరిదాపుల్లో వచ్చింది. మనిషిలో తొడుగున్న లావు పోగుల్లో అది 50, 60 మీటర్ల దాకా ఉంటుంది. తొడుగు లేని సన్న పోగుల్లో మీటరు అటూ ఇటూ. కాలివేలు గడపకు కొట్టుకున్నప్పుడు దెబ్బ తగిలినట్టు ముందు తెలిసి, అసలు మంట క్షణం ఆగి ఎక్కడానికి కారణం ఈ తేడాయే.

న్యూరాలజిస్టు అడిగే ప్రశ్నలన్నీ చివరికి మూడింటి దగ్గరికి చేరతాయి. ఎక్కడ మొదలైంది? ఏ రకం పోగు దెబ్బతింది? ఎన్నాళ్లలో ముదిరింది? రెండు పాదాల్లో ఒకేసారి మొదలై ఏళ్ల తరబడి మెల్లగా పైకి పాకే తిమ్మిరి ఒక దారి చూపిస్తుంది. మూడు రోజుల్లో మంచం పట్టించే చచ్చుదనం పూర్తిగా వేరే దారి. ఒక్క అరచేతిలో, అదీ మూడున్నర వేళ్లలోనే తిమ్మిరైతే మణికట్టు దాటి వెతకాల్సిన పని చాలాసార్లు ఉండదు.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది మధుమేహం తెచ్చే న్యూరోపతి. భారతీయ వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు. షుగర్ ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు నాడులు దెబ్బతింటాయి. పంట కాలువ కింద పొలం ఉన్న రైతుకు ఇది ఎలా జరుగుతుందో చెప్పనక్కర్లేదు. నీళ్లు తగ్గితే ముందు ఎండేది చివరి ఆయకట్టు. నాడీకణం తన పోగు చివరిదాకా సరుకు పంపాలి. చక్కెర పెరిగి కణం అలిసిపోయి, నాడికి రక్తం చేర్చే సన్న నాళాలూ పూడిపోతుంటే ముందు ఆకలికి మాడేది అన్నిటికన్నా పొడవైన పోగుల కొస. అందుకే తిమ్మిరి కాలివేళ్లలో మొదలవుతుంది. అది మోకాలి దగ్గరికి వచ్చేసరికి చేతివేళ్లలో మొదలవుతుంది. మేజోళ్లు, చేతి తొడుగులు వేసుకున్న చోటల్లా మొద్దుబారినట్టుంటుంది.

రోగులు దీన్ని చెప్పే తీరు డాక్టర్ల పుస్తకాల కన్నా సూటిగా ఉంటుంది. అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టు, కారం పూసినట్టు, దూది మీద నడుస్తున్నట్టు. రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేనట్టు. కానీ మంటలున్న రోగి డాక్టర్ దగ్గరికైనా వస్తాడు. ఏమీ తెలియని రోగి రాడు.

ఆ తెలియకపోవడం ఎంతటిదో పాదాల పరీక్షలో బయటపడుతుంది. రోగిని కళ్లు మూసుకోమంటారు. గాలపు దారం లాంటి నైలాన్ పోగును అరికాలికి ఆనించి, అది వంగేదాకా నొక్కుతారు. ఆ పోగు వంగడానికి పట్టే బలం 10 గ్రాములు. బొటనవేలి కింద ఒకసారి, చిటికెనవేలి కింద ఒకసారి, మడమ దగ్గర ఒకసారి. మూడు చోట్ల నొక్కడం అయిపోయాక కూడా రోగి కళ్లు మూసుకునే "ఎప్పుడు పెడతారు సార్?" అని అడుగుతాడు. తర్వాత 128 హెర్ట్జ్ శ్రుతిదండాన్ని మోగించి బొటనవేలి ఎముక మీద పెడతారు. చల్లగా ఉందంటాడు గానీ జుమ్మంటోందని అనడు. అలాంటి కాలికి చెప్పులో ఇరుక్కున్న గులకరాయి తెలియదు. మిట్టమధ్యాహ్నం గుడి రాతి పలకల మీద వట్టి కాళ్లతో ప్రదక్షిణం చేసి ఇంటికొచ్చాక బొబ్బలు కనిపిస్తాయి. నడిచేటప్పుడు జారిపోయిన చెప్పు పది అడుగుల వెనక ఉండిపోతుంది, చూసినవాళ్లు పిలిచి చెప్పేదాకా తెలియదు. పుండు పడి, చీము పట్టి, చివరికి వేలో పాదమో తీసేయాల్సి వచ్చే కథల్లో చాలావాటికి ఇదే మొదలు.

మూడో రకం పోగులు, అంటే స్వయంచాలక నాడులు దెబ్బతింటే లక్షణాలు ఇంకో రూపంలో వస్తాయి. మంచం మీంచి లేవగానే కళ్లు తిరగడం, తిన్నది కడుపులోనే ఉండిపోవడం, గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి రాకపోవడం. అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, ప్రీగాబలిన్ వంటి మాత్రలు మంటను అణుస్తాయి, నాడిని బాగుచేయవు. చక్కెరను గట్టిగా అదుపులో పెడితే మొదటి రకం మధుమేహంలో న్యూరోపతి 60 శాతం దాకా తగ్గుతుందని 1993లో వెలువడిన అమెరికా, కెనడా అధ్యయనం చూపింది. రెండో రకంలో లాభం అంతగా కనిపించదు. మంటలకు వాడే ఇంకో మందు తెలుగువాళ్లకు వంటింటి చుట్టం. మిరపలో కారం పుట్టించే క్యాప్సైసిన్‌ను పట్టీగా అతికిస్తే నొప్పి మోసే పోగుల కొసలు కొన్నాళ్లు మూగబోతాయి. ఈ క్యాప్సైసిన్‌నే ఎరగా వేసి 1997లో వేడిని, కారాన్ని పసిగట్టే గ్రాహకాన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. గుంటూరు మిరపకాయ కొరికితే నోరు 'కాలడం' మాటవరసకు అనేది కాదు. మెదడుకు చేరే కబురు వేడిదీ కారానిదీ ఒకటే.

షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గుతుంది. మాంసం, గుడ్డు, పాలు తగినంత లేని భోజనంలోనూ తగ్గుతుంది. తిమ్మిరి అనగానే షుగర్ ఖాతాలో రాసేస్తే ఈ రెండో కారణం తప్పించుకుపోతుంది, తేలిగ్గా సరిదిద్దగలిగింది అదే అయినా సరే. ఇక్కడ ఒక తెలుగు పేరు చెప్పుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాల బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. మొండి రక్తహీనత రోగులకు ఇస్తే రక్తం పుంజుకుంది. కాళ్ల తిమ్మిరి, తూలిపడటం మాత్రం కొందరిలో ముదిరాయి. రక్తం బాగుపడి, నాడుల జబ్బు చాటున పెరిగిందన్నమాట. సుబ్బారావు కన్నుమూసిన 1948లోనే బీ12 విడిగా చేతికందింది. ఇప్పటికీ బీ12 చూడకుండా ఫోలిక్ మాత్ర ఒక్కటే ఇవ్వవద్దనేది ఆ అనుభవం వల్లే.

విటమిన్ల కథలో ఇంకో అధ్యాయం కోస్తాదే. బీ1 లోపంతో వచ్చే బెరిబెరి కాళ్లను చచ్చుబరుస్తుంది, గుండెనూ ముంచుతుంది. ఉత్తర సర్కారుల్లో ఈ జబ్బు బాగా ఉందని మద్రాసు సైన్యపు వైద్యుడు మాల్కంసన్ 1835లోనే ఒక గ్రంథం రాశాడు. కారణం తెలియడానికి మరో 60 ఏళ్లు పట్టింది. జావాలో ఐక్‌మన్ పెంచిన కోళ్లు పాలిష్ బియ్యం తిన్నప్పుడు కాళ్లు చచ్చుబడి కూలబడేవి, తవుడు పెడితే లేచేవి. ఆ పనికి 1929లో ఆయనకు నోబెల్ దక్కింది. ఉప్పుడు బియ్యం తినే ఇతర మద్రాసు జిల్లాల్లో లేని బెరిబెరి పచ్చి బియ్యాన్ని తెల్లగా పట్టించి తినే సర్కారు జిల్లాల్లో ఎందుకుందో కూనూరు పోషకాహార ప్రయోగశాల పరిశోధకులు ఇదే దారిలో వివరించారు. ఆ ప్రయోగశాలే తర్వాత హైదరాబాద్ తరలివచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

విటమిన్ ఎక్కువైనా ముప్పే. క్షయకు వాడే ఐసోనియాజిడ్ బీ6ను తగ్గించి తిమ్మిర్లు తెస్తుంది కాబట్టి, దాంతో పాటు కొద్ది మోతాదు బీ6 ఇస్తారు. అదే బీ6ను 'నరాలకు బలం' అని పెద్ద మోతాదులో నెలల తరబడి మింగితే అది స్వయంగా స్పర్శ నాడులను చంపుతుంది. పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ పిల్లల రక్తక్యాన్సర్‌లో ప్రాణం పోసే మందు, నాడులకు మాత్రం విషం. అమెరికాలో మద్యనిషేధం సాగుతున్న 1930లో జమైకా జింజర్ అనే సారాయి లాంటి టానిక్‌లో ఒక ఫాస్ఫేటు రసాయనం కలిపి అమ్మారు. తాగినవాళ్లలో వేలాదిమందికి కాళ్లు చచ్చుబడ్డాయి. అదే కుటుంబానికి చెందిన పురుగుమందులు తెలుగు పొలాల గట్ల మీద నేటికీ ఉన్నాయి. కొన్ని రకాల మందు తాగి ఆసుపత్రిలో బతికి బయటపడినవాళ్లకు, గండం గడిచిందనుకున్న 2, 3 వారాలకు, పాదాలు వేలాడిపోవడం మొదలవుతుంది.

నాడుల జబ్బుల్లో మనిషిని ఊరి నుంచే వెలివేయించింది కుష్ఠు. పెద్దరోగం అని పేరు పెట్టి, చర్మవ్యాధిగా చూసి, వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయనుకున్నారు. దీన్ని కలిగించే సూక్ష్మజీవిని నార్వేలో హాన్సెన్ 1873లో గుర్తించాడు. అది ష్వాన్ కణాల్లో కాపురం పెడుతుంది, ఒంట్లో చల్లగా ఉండే చోట్లను ఇష్టపడుతుంది. అందుకే చర్మం కింద పైపైనే పోయే నాడులు, ముఖ్యంగా మోచేయి వెనకాల, తాడులా లావెక్కి చేతికి తగులుతాయి. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ, లావెక్కిన నాడి, ముడుచుకుపోయిన వేళ్లు ఈ క్రమంలో వస్తాయి.

వేళ్లు ఎందుకు పోతున్నాయో తేల్చిన మనిషి పాల్ బ్రాండ్. తమిళనాడు కొల్లిమలలో పుట్టి, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు. ముడుచుకున్న వేళ్లకు పనిచేస్తున్న కండరపు తాడును మళ్లించి కుట్టి, చేతులు మళ్లీ తెరుచుకునేలా చేశాడు. అయితే బాగుచేసిన చేతుల్లోనే రాత్రికి రాత్రి వేళ్లు మాయమవుతున్నాయని రోగులు చెప్పేవారు. కాపలా పెట్టి చూస్తే నిద్రపోతున్నవాళ్ల వేళ్లను ఎలుకలు కొరుకుతున్నాయి! నొప్పి లేదు కాబట్టి మెలకువ రాలేదు. ఆ తర్వాత ఇంటికెళ్లే రోగులకు పిల్లులను ఇచ్చి పంపారు. వేళ్లను తినేసేది సూక్ష్మజీవి అన్న నమ్మకం అక్కడ కూలిపోయింది. కాలే గిన్నెను పట్టుకోవడం, తుప్పు మేకు మీద నడవడం, పుండు మీదే పని చేయడం, ఇవే వేళ్లను తీసుకుపోయాయి. షుగర్ పాదాలకు ఇప్పుడు చేయించే ప్రత్యేక చెప్పుల వెనక కుష్ఠు రోగుల దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ.

తెలంగాణలో నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో స్కాట్లండ్ డాక్టరు ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠు ఆసుపత్రి మొదలుపెట్టింది. విజయనగరం వైపు సాలూరులోనూ ఇలాంటి ఆసుపత్రి ఉంది. డాప్సోన్, రిఫాంపిసిన్, క్లోఫజిమిన్ కలిపిన చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సూచించింది. 6 నుంచి 12 నెలల ఈ కోర్సు ఉచితం. 2005 చివరికి దేశ సగటు పది వేలకు ఒకరి కన్నా తగ్గింది, 'నిర్మూలన' ప్రకటన వెలువడింది. ఆ మాట తొందరపాటే అనిపిస్తుంది. ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా, అంటే లక్షకు అటూ ఇటూ, ఇప్పటికీ భారతదేశానివే.

ఏళ్ల మీద నడిచే ఈ జబ్బులకు పూర్తి ఎదురు గియాన్ బారే సిండ్రోమ్. సోమవారం పాదాల్లో తిమ్మిరి, మంగళవారం మెట్లు ఎక్కలేకపోవడం, గురువారానికి చేతులు ఎత్తలేకపోవడం. కొందరికి ఊపిరి కండరాలూ ఆగి వెంటిలేటర్ అవసరమవుతుంది. 1916లో యుద్ధం మధ్యలో ఫ్రెంచి సైనిక వైద్యులు గియాన్, బారే, స్ట్రోల్ ఇద్దరు సైనికుల్లో దీన్ని వర్ణించారు. వెన్ను నీటిలో ప్రొటీన్ పెరిగి, కణాలు మాత్రం పెరగకపోవడం వాళ్లు పట్టుకున్న ఆనవాలు. స్ట్రోల్ పేరు పాపం దారిలో రాలిపోయింది. ఏటా లక్షమందిలో ఒకరిద్దరికి వచ్చే ఈ జబ్బు చాలాసార్లు విరేచనాల తర్వాతో జలుబు తర్వాతో మొదలవుతుంది. క్యాంపైలోబ్యాక్టర్ అనే క్రిమి పైపొర నాడి పైపొరను పోలి ఉంటుంది. క్రిమి మీదికి పంపిన ప్రతిరక్షకాలు పొరపాటున నాడి మీద పడతాయి. 2025 జనవరిలో పుణెలో సింహగడ్ రోడ్డు పరిసరాల్లో రెండు వందలకు పైగా అనుమానిత కేసులు వచ్చినప్పుడు వేళ్లన్నీ కలుషిత నీటి వైపే చూపించాయి.

దీనికి మందులు రెండే. ఇమ్యునోగ్లోబ్యులిన్ 5 రోజులు ఎక్కించడం, లేదా రక్తంలోని ప్లాస్మాను మార్చడం. మొదటిదానికి ఖర్చు లక్షల్లో ఉంటుంది. స్టెరాయిడ్లు ఇక్కడ పనిచేయవు. విచిత్రమేమిటంటే, ఇదే జబ్బుకు నెమ్మదైన తోబుట్టువు ఒకటుంది. రెండు నెలలకు పైగా ముదురుతూ పోయే ఆ రకంలో స్టెరాయిడ్లే బాగా పనిచేస్తాయి. 'ఎన్నాళ్లలో ముదిరింది?' అన్న ప్రశ్న మీద వైద్యమే ఆధారపడుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

పొద్దున్నే బ్రష్ చేసుకుంటుంటే నీళ్లు ఒక పక్కనుంచి కారిపోవడం, అద్దంలో మూతి వంకర కనిపించడం బెల్స్ పాల్సీ. ఇంట్లోవాళ్లు పక్షవాతమని హడలిపోతారు. నుదురు చూస్తే కొంత తేడా తెలుస్తుంది. కనుబొమలు పైకెత్తమన్నప్పుడు రెండువైపులా ముడతలు పడితే అనుమానం మెదడు మీదికి పోతుంది, ఒకవైపు ముడతలే పడకపోతే ముఖ నాడి మీదికి. అయినా తేల్చాల్సింది డాక్టరే, అదీ వెంటనే. స్టెరాయిడ్ 72 గంటల్లోపు మొదలుపెడితే ఎక్కువమందికి ముఖం మామూలవుతుంది. ఈలోగా మూతపడని కన్ను ఎండిపోకుండా చూసుకోవాలి.

నొక్కుడు జబ్బులు బతుకుతెరువును బట్టి వస్తాయి. రాత్రి రెండింటికి చేయి తిమ్మిరెక్కి లేచి, విదిలించుకుంటే గానీ తగ్గని బాధ మణికట్టు సొరంగంలో నాడి నలిగినందువల్ల. గర్భిణుల్లో, థైరాయిడ్ తగ్గినవాళ్లలో, చేతిపని వాళ్లలో ఎక్కువ. గంటల తరబడి గొంతుక్కూర్చుని పొలం పని చేసేవాళ్లకు మోకాలి బయటి వైపు నాడి నలిగి పాదం పైకి లేవదు. పిరుదుకు తప్పుడు చోట వేసిన సూది పసిపిల్లల కాలిని కుంటిది చేసిన సందర్భాలు దేశమంతటా ఉన్నాయి. నడుము డిస్కు జారి కాలి వెనక తీసే సయాటికా అందరికీ తెలిసిందే. చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ నాడి ముడుల్లో దశాబ్దాలు నిద్రపోయి, ముసలితనంలో ఒంటికి ఒక పక్క పట్టీలా సర్పిగా లేస్తుంది. పొక్కులు మానినా మంట కొందరిని నెలల తరబడి వదలదు.

వంశంతో వచ్చేవాటిలో ముఖ్యమైంది 1886లో వర్ణించిన షార్కో మారీ టూత్ జబ్బు. సుమారు 2,500 మందిలో ఒకరికి ఉంటుంది. టూత్ అంటే ఒక డాక్టర్ పేరు, పళ్లతో సంబంధం లేదు. పాదం వంపు ఎత్తుగా లేచి, పిక్కలు సన్నబడతాయి. దీనికి పూర్తిగా వేరైన వంశపు లోపాన్ని ఉత్తర పాకిస్తాన్ కుటుంబాల్లో 2006లో కనుగొన్నారు. ఒకే ఒక్క జన్యువు పనిచేయకపోవడంతో వాళ్లకు పుట్టుకతోనే నొప్పి అంటే తెలియదు. అలాంటి ఒక బాలుడు చేతిలో కత్తులు గుచ్చుకుని వీధుల్లో ప్రదర్శనలిచ్చేవాడు. పద్నాలుగేళ్లు నిండకముందే ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు.

తెగిన నాడి మళ్లీ మొలుస్తుంది, మెదడు, వెన్నుపాము అంతగా చేయలేని పని ఇది. తెగిన చోటికి కింది భాగం చచ్చిపోతుందని 1850లో వాలర్ కప్ప నాలుక మీద చూపించాడు. పైనున్న కొస రోజుకు మిల్లీమీటరు చొప్పున, పాత తొడుగు గొట్టాన్ని పట్టుకుని కిందికి పాకుతుంది. బైకు మీంచి పడి భుజం దగ్గర నాడుల గుత్తి తెగిన కుర్రవాడికి శస్త్రచికిత్స చేసి అతికినా, ఆ కొస అరచేతికి చేరాలంటే రెండేళ్లు కావాలి. అప్పటికి చేతిలోని కండరాలు ఎండిపోయి ఉండొచ్చు. కొస ఎంతదాకా వచ్చిందో చూడటానికి 1915లో ఒకే ఏడాది, యుద్ధంలో ఎదురెదురు పక్షాల నుంచి, ఫ్రాన్సులో టినెల్, జర్మనీలో హాఫ్‌మన్ ఒకే ఉపాయం చెప్పారు. నాడి దారి వెంట వేలితో తట్టుతూ వస్తే కొత్త మొలక ఉన్న చోట జివ్వుమంటుంది. ఫిజియోథెరపీ గదిలో ఆ కుర్రవాడి చేతి మీద తట్టి, జివ్వుమన్న చోట పెన్నుతో గీత గీసి, పక్కన తేదీ రాసుకుంటారు. పోయిన నెల గీత మోచేతికి పైన ఉంటే, ఈ నెల గీత దానికి రెండు వేళ్ల కింద ఉంటుంది.